తూర్పు వైపు బెరడు

శ్మశానం మలుపులో పులే చెట్టు.
రాత్రిళ్లు పూసేది.
వాసన వీధిలోకి దిగి వచ్చేసరికి
అమ్మ కిటికీలు మూసేది,
ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకొద్దనేది.
మేం దుప్పట్ల కింద ముక్కులు బిగబట్టి
ముందు ఎవరు ఊపిరి వదుల్తారా అని పందెం కాసేవాళ్లం.
ఎప్పుడూ తమ్ముడు సుదిర్గే ఓడేవాడు.

వాడికి చలిజ్వరం వచ్చిన ఏడు
వానలు రోడ్డును తినేశాయి.
గియాన్యార్ నుంచి మందుల బండి రాలేదు.
మూడో రాత్రి వాడి పళ్లు
గాలికి తలుపు గొళ్లెంలా కొట్టుకుంటుంటే
నానమ్మ లేచింది.
కొబ్బరాకు దొన్నెలో పిడికెడు అన్నం, కాస్త ఉప్పు,
రెండు పూలు, ఒక అగరొత్తి.
నడికట్టులో కత్తి.
"నేనూ వస్తా" అన్నాను.
"రా. మాట్లాడకు."

తను మాత్రం మాట్లాడింది,
పొరుగింటి గడపలో నిలబడి
పొయ్యిలోకి నిప్పు అడిగినట్టు:
"మనవడు. ఆరేళ్లు నిండలేదు.
అరచెయ్యంత చాలు.
పొద్దు పొడిచే వైపు నుంచే తీసుకుంటాను."
కాసేపు ఆగింది. ఏం వినబడిందో నాకు తెలీదు.
కత్తి దిగింది. పాలు కారాయి
చీకట్లో తెల్లగా, నింపాదిగా.
వెనక్కి చూడకుండా నడవమంది.
నేను చూశాను.
చెట్టు చెట్టులాగే ఉంది.

కషాయం కాచిన కుండని
ఎన్నిసార్లు తోమినా చేదు వదల్లేదు.
చివరికి కాలవలో పారేశాం.
సుదిర్గ మొదటి గుక్క నానమ్మ మొహాన ఉమ్మాడు,
రెండోది తిడుతూ మింగాడు.
అయిదో రోజుకి
ఉడకబెట్టిన చిలగడదుంప కావాలన్నాడు.

మరుసటేడు అదే మాను మీద,
మా గాయానికి మూరెడు పైన,
ఒక బొడిపె ఉబ్బింది.
"కడుపుతో ఉంది" అన్నారు పెద్దవాళ్లు.
మంచిరోజు చూసి, పూజారి సరేనన్నాక
నెంగా రీతుగ్ తాత నిచ్చెన ఎక్కి
బిడ్డను తీసి, తల్లిని నిలబెట్టాడు.
ఏడు నెలలు చెక్కాడు.
కోరలు, బొడ్డు దాకా వేలాడే నాలుక, మిడిగుడ్లు.
భయంతో కళ్లు మూసుకుని చెక్కాడని ఊరంతా అనుకున్నారు.
ఆయనకి చత్వారం, అంతే.
వేళ్లతో తడుముకునేవాడు.

గుడి పండగ రాత్రి ఆ ముఖం మెట్లు దిగింది.
కంచు మోగి మోగి ఒక్కసారి ఆగింది.
కత్తులు పట్టిన మగాళ్లు మోకాళ్ల మీద కూలబడ్డారు.
మా బడి వంటావిడ పూనకంతో ఊగిపోయింది.
నేను అమ్మ వీపు వెనక్కి దూరాను.
సుదిర్గ ఒక్కడే మెడ సాచి చూస్తూ
నా చెవిలో అన్నాడు:
"అక్కా, దాని నోరంతా చేదు.
నాకు తెలుసు."
పాపం, అన్నట్టుంది వాడి గొంతు.

ఇప్పుడు చెట్టుకి రేకు బోర్డు కొట్టారు.
లాటిన్ పేరులో బడి ఉంది.
ఆ చెక్కతో ఎక్కడో పిల్లలకి పలకలు చేసేవారట.
దాని కిందే ఇంగ్లీషులో దెయ్యం చెట్టు అని.
రాసినాయన ఈ రెండు వరసల మధ్య
టీ తాగడానికి వెళ్లొచ్చాడేమో.
నాలుగు మేకుల చుట్టూ
పాలు కారి, ఎండి, నల్లబడ్డాయి.
ఎవరూ అడిగి కొట్టినట్టు లేదు.
బోర్డు సరిగ్గా తూర్పు వైపే ఉంది.
దాని అంచు కింద నానమ్మ తీసిన చోటు
ఇప్పుడు నా అరచెయ్యి కంటే చిన్నది.

ఆ ముఖాన్ని ఇప్పుడు సుదిర్గ మోస్తాడు.
నెరిసిన మీసం, నొప్పి పట్టిన మోకాలు.
బయట ఎన్ని రంగులు పూసినా
లోపలి వైపు వట్టి చెక్కే,
చెమట పట్టిన పెదాలకి తగులుతూ ఉంటుంది.
పోయిన పండగకి,
ముఖం విప్పి తెల్లగుడ్డలో చుడుతుంటే అడిగాను,
లోపల ఎలా ఉంటుందిరా అని.
పెదాలు ఒకసారి నాక్కున్నాడు.
"నానమ్మ వంటింట్లో ఉన్నట్టుంటుంది" అని
నీళ్లచెంబు కోసం చెయ్యి చాపాడు.